గోడ మీది పొట్ట చెట్టు

బుల్లమ్మ చేపని నమ్మదు. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూసి, పొట్ట మీద వేలితో నొక్కి, కంటి మెరుపు చూసి, అప్పుడుగాని గంపలో వెయ్యదు. మనుషుల దగ్గరా ఆమెది అదే తీరు. మనిషికి మొప్పలుండవు కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు చూస్తుంది.

ఈ అనుమానమే ఆమెని ఇన్నేళ్ళు వ్యాపారంలో నిలబెట్టింది. ఐసు పెట్టెలో పైన తాజా వంజరాలు పరిచి అడుగున మురిగినవి పెట్టిన బేరగాణ్ణి ఒడ్డు మీద అందరి ముందూ పట్టుకున్నది ఆమే. అప్పట్నించి తోటి చేపలమ్ముకునే ఆడాళ్ళు తమ గంపలు కూడా ఆమె చేత చూపించుకునేవాళ్ళు. కాబట్టి అనుమానించడం తప్పని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

మా కాలనీ భోగాపురం రోడ్డుకి ఈవల, జీడితోట కొట్టేసిన చదునులో ఉంది. తుఫానులో ఒడ్డు కోసుకుపోయి ఇళ్ళు పోయిన వేటగాళ్ళ కుటుంబాలు కొన్ని, విమానాశ్రయానికి భూములిచ్చి ఊరొదిలిన రైతు కుటుంబాలు కొన్ని ఇక్కడ పక్కపక్కన పడ్డాయి. పాత ఊళ్ళలో ఎవరి తాత ఎవరో, ఎవరింట్లో ఏ కూర వండారో అందరికీ తెలుసు. ఇక్కడ పక్కింటివాళ్ళు ఏ దేవుడికి మొక్కుతారో కూడా తెలియదు. ఇంటికీ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే ఉంది.

బుల్లమ్మ ఇంట్లో ముగ్గురు. మొగుడు గంగరాజు ఆయాసం వచ్చి వేట మానేశాడు, వసారాలో కూర్చుని వలలు బాగుచేస్తాడు. కొడుకు యుగంధర్ గుజరాత్ వైపు వీరావల్లో బోటు మీద పని చేస్తూ ఏడాదిలో కొన్నాళ్ళే ఇంట్లో ఉంటాడు. కోడలు తులసి అత్తతోనే ఉంటుంది. కిందటేడు తులసికి కడుపు నిలవలేదు. అలా ఒక్కోసారి జరుగుతుందని, ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. బుల్లమ్మ ఆ మాట నమ్మలేదు. ఊరికినే ఎందుకు పోతాది, ఏదో తగిలే ఉంటాది అని ఆ ఏడంతా వెతుకుతూనే ఉంది.

విమానాశ్రయానికి భూమిచ్చిన రాజకుమారి కాపురం కార్తీకమాసంలో మా కాలనీకి, బుల్లమ్మ పక్కింట్లోకి వచ్చింది. సామానంతా ట్రాక్టరు తొట్టిలో ఉంది. ఆమె మాత్రం ముందు మడ్‌గార్డు మీద కూర్చుని, ఒళ్ళో పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒక సిమెంటు కుండీ పట్టుకుని దిగింది. భర్త లారీ డ్రైవరు, ఇంట్లో కనపడేది తక్కువ. కూతురు రేఖ విజయనగరంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. రాజకుమారి బడిలో మధ్యాహ్నం భోజనాలు వండుతుంది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ.

ఆమె సామాను దించుకున్నాక ఆ కుండీని తీసుకొచ్చి రెండిళ్ళ మధ్య గోడ మీద, ఎండ బాగా తగిలే చోట పెట్టింది. బుల్లమ్మ వెళ్ళి చూసింది. చెట్టు మొదలు కడవలా ఉబ్బి ఉంది. అందులోంచి లావుపాటి వేళ్ళు కాళ్ళు చాపినట్టు మట్టి మీదకే వచ్చి ఉన్నాయి. పైన నాలుగైదు పొట్టి కొమ్మలు, వాటి కొసన గుత్తులుగా ఆకులు. ఇలాంటి చెట్టు ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఇదేటని అడిగితే, అడీనియమని, పువ్వుల మొక్కేనని రాజకుమారి చెప్పింది. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "పిల్లలెవరైనా వస్తే ముట్టుకోనీకప్పా. దీని పాలు విషం. కంట్లో పడితే సెడ్డ మంట" అని కూడా అంది, బుల్లమ్మని అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తూ.

"విషమైతే ఇంట్లో ఎందుకమ్మా మరి?"

రాజకుమారి నవ్వింది. ఆ నవ్వు బుల్లమ్మకి నచ్చలేదు. విషమని తెలిసి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న మనిషిని ఇంకాస్త చూడాలనుకుంది.

ఆ చెట్టు పేరు ఆమె నోటికి రాలేదు. పొట్ట చెట్టు అంది. కాలనీ అంతా అదే పేరు పట్టుకుంది.

చలి మొదలయ్యేసరికి చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. ఉబ్బిన మొదలు, మోడు కొమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. రాజకుమారి దానికి చుక్క నీళ్ళు పొయ్యడం లేదు. రోజూ వచ్చి మొదలుని బొటనవేలితో నొక్కి చూసి వెళ్ళిపోతోంది. ఎండిపోతన్నాది గదా, నీళ్ళు పొయ్యవేటని బుల్లమ్మ అడిగింది. చలికాలం అది నిద్రపోతాదని, ఇప్పుడు పోస్తే కుళ్ళిపోతాదని రాజకుమారి జవాబిచ్చింది. చెట్టు నిద్రపోవడమేటని బుల్లమ్మ వచ్చి గంగరాజుతో అంది. గంగరాజు వల మీంచి తలెత్తకుండా, నిద్రపోతే మనకి మంచిదే గదా అన్నాడు.

అంతకు ముందు దీపావళికి యుగంధర్ వచ్చి వెళ్ళాడు. సంక్రాంతి దాటాక తులసి మళ్ళీ నెల తప్పిన సంగతి బయటపడింది. ఆ రోజు నుంచి బుల్లమ్మకి ఒళ్ళంతా కళ్ళే. వాకిట్లోకి ఎవరొచ్చారు, తులసి వైపు ఎవరు ఎంతసేపు చూశారు, పెరుగు ఎవరు తెచ్చారు, అన్నీ కనిపెట్టేది. పక్కింటి గోడ దగ్గరికి వెళ్ళొద్దని, ఆ మనిషితో మాటాడొద్దని కోడలికి గట్టిగా చెప్పింది. తులసి అలాగే అత్తా అంది.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం బుల్లమ్మ చేపలమ్ముకుని వచ్చి, గంప దించి, గోడ మీంచి చూసింది. రాజకుమారి ఆ చెట్టుని కుండీలోంచి పీకేసి, వేళ్ళు కడిగి, సగం వేళ్ళు కోసేసి, కోసిన చోటల్లా పసుపు రాస్తోంది. రాసి, నడుముకి తాడు కట్టి, గోడకున్న మేకుకి తలకిందులుగా వేలాడదీసింది. ఉబ్బిన పొట్ట, పైకి చాచిన రెండు లావు వేళ్ళు, ఒళ్ళంతా పసుపు. బుల్లమ్మకి అది చెట్టులా కనపడలేదు.

మర్నాడు పొద్దున్న తులసి నీళ్ళపొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. దెబ్బేమీ తగల్లేదు. మూడో నెలలో అలా ఉంటుందని ఆశా కార్యకర్త చెప్పి మాత్రలిచ్చింది. బుల్లమ్మ మాత్రలు తీసుకుంది గాని మాట తీసుకోలేదు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర మూలింటి ఈశ్వరితో తను చూసింది చెప్పింది. ఈశ్వరి బిందె పక్కన పెట్టి, గొంతు తగ్గించి, ఇది చిల్లంగి, చేతబడే అంది. తనకి తెలిసిన ఒక ఊళ్ళో ఇలాగే బొమ్మకి పసుపు రాసి వేలాడదీశారని, ఆ ఇంట్లో బిడ్డ నిలవలేదని చెప్పింది. ఏ ఊరో మాత్రం చెప్పలేదు.

బుల్లమ్మ శ్రీకూర్మం వెళ్ళి కోడలి పేరున దీపం పెట్టి వచ్చింది. అది దేవుడి పని. తన పని కూడా ఒకటి ఉందనుకుంది. ఏ మంత్రమైనా నీచు తగిలితే నిలవదని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట గుర్తొచ్చింది. నీచుకి ఆమె ఇంట్లో కొదవ లేదు.

రాజకుమారి ఆ చెట్టుని కొన్నాళ్ళు ఆరబెట్టి, ఇసకా, ఇటుక ముక్కలూ, ఎండు పెంటా కలిపిన కొత్త మట్టిలో నాటి మళ్ళీ గోడ మీద పెట్టింది. ఆమె బడి నుంచి వచ్చేలోపలే బుల్లమ్మ అమ్మకం ముగించుకుని ఇంటికి చేరుతుంది. ఇంటికి ఉంచుకున్న చేపలు కడిగి, ఆ నెత్తుటి నీళ్ళు చెంబుతో తీసుకెళ్ళి, అటూ ఇటూ చూసి, పొట్ట చెట్టు మొదట్లో పోసేది. అలా ఎండాకాలమంతా పోసింది. పోసి, వేలితో ఆ మొదలుని ఒకసారి నొక్కేది. ఎప్పుడు మెత్తబడుతుందా అని.

అది మెత్తబడలేదు. ఇంకా గట్టిపడింది. ఫాల్గుణంలో కొమ్మ కొమ్మకీ ముదురాకుపచ్చ ఆకులు తన్నుకొచ్చాయి. చైత్రంలో మొగ్గలు. ఉగాది వెళ్ళాక ఒక పొద్దున్న చూస్తే చెట్టంతా పూసి ఉంది. ఎర్రటి అంచు, లోపల తెలుపు, గన్నేరు పువ్వుకి అక్కలాంటి పువ్వు. ఆకు కనపడకుండా పూసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. భోగాపురం నుంచి వచ్చిన రాజకుమారి ఆడపడుచు ఫోన్లో ఫొటోలు తీసుకుంది. ఇంతలా ఎప్పుడూ పూయలేదని, ఏం వేశావని అడిగింది.

నీచు పోస్తే చావాల్సింది నెత్తురు తాగి బలిసిందని బుల్లమ్మ బెదిరింది. అయినా మానడానికి ధైర్యం చాల్లేదు. మానితే ఏమవుతుందో.

ఇటు రాజకుమారికీ అనుమానం మొదలైంది. కుండీ మట్టి చేపల వాసన కొడుతోంది. ఈగలు ముసురుతున్నాయి, పిల్లులు గోడెక్కుతున్నాయి. ఒకరోజు గోడ దగ్గర నిలబడి, అప్పా, మా కుండీలో ఎవరైనా ఏదైనా పోస్తన్నారేటని అడిగింది. పిల్లులు సేపముక్కలు తెచ్చి పడేస్తన్నాయేమోనని బుల్లమ్మ అంది. రాజకుమారి ఆమె మొహంలోకి కాసేపు చూసి ఊరుకుంది. చూపు తిప్పుకోకుండా చూడటం ఇంకొకరికి కూడా వచ్చని బుల్లమ్మకి అప్పుడే తెలిసింది.

ఆషాఢం వచ్చింది. తులసికి ఎనిమిదో నెల. పాదాలు వాచాయి. రక్తపోటు కొంచెం ఎక్కువుందని, ఉప్పు తగ్గించమని ఆస్పత్రిలో చెప్పారు. బుల్లమ్మకి తిండి సహించడం లేదు. ఆ రోజుల్లోనే పొట్ట చెట్టుకి ఒక కొత్త సంగతి వచ్చింది. పువ్వు రాలిన చోట, ఒకే తొడిమ నుంచి అటొకటి ఇటొకటి, ఎద్దు కొమ్ముల్లా రెండు కాయలు పొడుచుకొచ్చాయి. జానెడు పొడవు పెరిగాయి. ఒకరోజు బుల్లమ్మ చెంబుతో వెళ్ళేసరికి ఆ రెండు కొమ్ములకీ దారం చుట్టి ఉంది.

నీలం నైలాను దారం. గంగరాజు వలకి వాడేది. ముడి కూడా వల ముడే.

ఆమె చెంబు అక్కడే పెట్టి వసారాలోకి వచ్చింది. దారం ఎవరైనా తీసుకెళ్ళారా మావా అని అడిగింది. గంగరాజు దారపు ఉండని చూసి, ఏమో, కొంచెం తగ్గినట్టే ఉన్నాది అన్నాడు. అంతే. చిల్లంగి చెయ్యాలంటే ఆ ఇంటి వస్తువు ఏదో ఒకటి కావాలని ఈశ్వరి చెప్పి ఉంది. రాజకుమారే ఆ ఉండలోంచి ముక్క కోసి పట్టుకెళ్ళిందని బుల్లమ్మ తేల్చుకుంది. రైతు ఇంటి ఆడదానికి వల ముడి వెయ్యడం ఎవరు నేర్పారన్న ఆలోచన మాత్రం ఆమెకి రాలేదు. అన్నీ అనుమానించే మనిషి అదొక్కటే అనుమానించలేదు.

చేపల కత్తి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. ముందు కొమ్ములు తెగ్గొట్టింది. ఆగలేకపోయింది. పెద్ద కొమ్మ పట్టుకుని వంచి, మొదటికంటా నరికింది. తెగిన చోటు నుంచి జిగురు పాలు చిమ్మి నేరుగా కుడికంట్లో పడ్డాయి.

ఆ అరుపుకి తులసి పరిగెత్తుకొచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో బిందె ఎత్తలేక, చెంబుల్తో నీళ్ళు తెచ్చి అత్త మొహం మీద పోస్తోంది. అదే సమయానికి రాజకుమారి బడి నుంచి వచ్చింది. నేల మీద పడిన కొమ్మ, పువ్వులు చూసింది. చూసి, గోడ దాటి వచ్చి, బుల్లమ్మని నీళ్ళతొట్టి దగ్గర వంచి, రెప్పలు విడదీసి, చాలాసేపు కడిగింది. బుల్లమ్మ ఆమె చెయ్యి తోసేస్తూనే ఉంది. దారం దొంగిలించి నా కోడలి మీద సేసినావు అని తిట్టింది.

అప్పుడు తులసి నోరు విప్పింది.

"ఆ దారం నాను కట్టినాను అత్తా."

బుల్లమ్మ ఒంటికన్నుతో కోడలి వైపు తిరిగింది.

"కాయ ముదిరితే పగిలి గింజలు ఎగిరిపోతాయంట. రాజకుమారి పిన్ని కట్టమంది. నాకొచ్చింది వల ముడే గదా, అదే ఏసినాను." కొంగుతో అత్త మొహం తుడుస్తూ, "నువ్వు పొద్దున్నే గంపెత్తుకుని ఎల్లిపోతావు. మావ వలలో మునిగిపోతాడు. నాను ఎవులితో మాటాడాలి?" అంది.

ఇంట్లో తన మాట జవదాటని మనిషి అనుకున్న కోడలు, మాఘమాసం నుంచి ఆ గోడ దగ్గర రోజూ కూర్చుంటోంది. రాజకుమారి బడికెళ్ళే ముందు మజ్జిగ ఇచ్చేది, తులసి ఆ చెట్టు ఆకులు తుడిచేది, పురుగులు ఏరేది. చెట్టుని పీకి వేళ్ళు కడిగిన రోజు కూడా, బుల్లమ్మ వచ్చే వరకు తులసి ఇవతల నిలబడి చూస్తూనే ఉందట. బుల్లమ్మకి కంటి మంట కంటే ఈ సంగతే ఎక్కువ మండింది.

రాజకుమారి ఆటో పిలిచి ఆమెని భోగాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ మళ్ళీ కడిగి, మందు వేసి, గుడ్డ కట్టారు. చూపుకి భయం లేదని, వెంటనే కడగడం మంచిదైందని చెప్పారు. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఇద్దరే ఉన్నారు. సగం దారిలో బుల్లమ్మే అడిగింది, విషపు చెట్టు మీద అంత పేనమెందుకని.

రాజకుమారి రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనక పనస చెట్టు, కాపుకొచ్చిన ఆరు కొబ్బరి చెట్లు, వాళ్ళ మావ తవ్వించిన నుయ్యి ఉండేవి. అవేవీ కదలవు. గుమ్మం పక్క ఈ అడీనియం ఉండేది, గింజ నుంచి తనే పెంచింది. ఊరొదిలేటప్పుడు దాన్ని మట్టితో పని లేకుండా పీకి సంచిలో వేసుకుంది, ఈ కాలనీకి వచ్చే ముందు కొన్నాళ్ళున్న చోట కుండీలో నాటింది. "పీకినా సావని సెట్టు ఇదొక్కటే అప్పా. మిగతావన్నీ అక్కడే ఉండిపోయినాయి."

తర్వాత ఇంకో మాట అంది. "నీచు నీళ్ళు పోస్తన్నది నువ్వేనని నాకు తెల్సు. వాసన రాదేటి? సంపడానికే పోస్తన్నావని కూడా అనుకున్నాను. పువ్వులు సూసి ఊరుకున్నాను. ఇప్పుడు నీకు కన్ను బాగయ్యే వరకు ఏటీ అనను. తరవాత అంటాను."

అన్నట్టే చేసింది. కట్టు విప్పిన రోజు గోడ దగ్గరికి వచ్చి, బుల్లమ్మని పేరు పెట్టి పిలిచి, అనాల్సినవన్నీ అంది. పదిమంది విన్నారు. చిల్లంగి మాట కుళాయి దగ్గర ఎవరెవరు అన్నారో కూడా తనకి తెలుసంది. బుల్లమ్మ మొదటిసారి ఎదురు చెప్పకుండా వింది. విన్నాక ఇంట్లోకొచ్చి, అన్నీ తెలిసినట్టు మాటాడతన్నాది, ఎవులు సెప్తన్నారో అని గంగరాజుతో అంది. గంగరాజు నవ్వాపుకోలేక దగ్గొచ్చినట్టు నటించాడు.

శ్రావణంలో తులసి పురిటికి రణస్థలం దగ్గర పుట్టింటికి వెళ్ళింది. అదే వారంలో రేఖకి డెంగీ జ్వరం వచ్చిందని హాస్టలు నుంచి కబురొస్తే, రాజకుమారి ఇల్లు తాళం వేసుకుని విజయనగరం పరిగెత్తింది. వెళ్ళే తొందరలో చెట్టుని చూరు కిందికి జరిపింది గాని, ఆ తర్వాత అల్పపీడనం పట్టుకుని వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. గాలికి జల్లు చూరు కిందికి కూడా కొడుతోంది.

బుల్లమ్మ మొదటి రోజు ఇవతల నుంచే చూసింది. తర్వాత గోనెపట్టా కప్పొచ్చింది. ఆ తర్వాత రోజు వెళ్ళి అలవాటుగా మొదలుని నొక్కింది. తను నరికిన వైపు వేలు దిగింది. కుళ్ళిన చేప పొట్టలో దిగినట్టే దిగింది.

రాజకుమారికి ఫోన్ చేసింది. ఆస్పత్రిలో గోలగా ఉంది. రాజకుమారి గొంతు అలిసిపోయి ఉంది. రేఖకి రక్తకణాలు తగ్గాయని, రాత్రంతా కూర్చున్నానని చెప్పింది. చెట్టు సంగతి విని, వేలు ఎంత లోతుకి దిగిందని అడిగింది. తర్వాత, "పీకెయ్యప్పా. మెత్తగా ఉన్నదంతా కోసెయ్. గట్టి తెల్లకండ వచ్చే వరకు కొయ్యాలి. పసుపు రాసి, వాన తగలని సోట తలకిందులుగా కట్టు. మొహానికి గుడ్డ కట్టుకో" అని ఫోన్ పెట్టేసింది.

బుల్లమ్మ ఫోన్ చేతిలో పెట్టుకుని నిలబడింది. తను ఏదైతే చూసి బెదిరిందో అదే తన చేత, తన ఇంట్లో, కోడలు పురిటికెళ్ళిన వేళ చేయించాలని చూస్తోందా అనిపించింది. గంగరాజుకి ఆ మాటే చెప్పింది. అతను వల దించి మొదటిసారి కాస్త గట్టిగా మాట్లాడాడు.

"ఒసే, ఆ మనిషి ఆస్పత్రిలో కూతురి పక్కన కూకుని నీకు మంత్రాలు సెప్తాదేటే? కుళ్ళినది కొయ్యి. లేదంటే ఒగ్గీ. రెంట్లో ఏదో ఒకటి సెయ్యి."

చేసింది. కొంగు మొహానికి కట్టుకుని, చేపల కత్తి నిప్పు మీద కాల్చి, ఆ మొదలుని వసారాలో పెట్టుకుని కోసింది. గోధుమరంగు కుళ్ళు చాలా లోతుకి పోయి ఉంది. చెట్టు సగానికి సగం పోయింది. తెల్లకండ వచ్చాక పసుపు అద్ది, వలలు తగిలించే కొక్కేనికి తలకిందులుగా కట్టింది. కట్టి వెనక్కి తిరిగేసరికి వాకిట్లో గొడుగు పట్టుకుని ఈశ్వరి నిలబడి ఉంది. ఏదో అడగడానికి వచ్చిన మనిషి అడక్కుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు కుళాయి దగ్గరికి బుల్లమ్మ వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరిగాయి. ఒకావిడ చంటిపిల్లని చంకలోంచి కొంగు చాటుకి మార్చుకుంది. పొద్దున్న చేపలకి రెండు గుమ్మాల వాళ్ళు వద్దన్నారు. పక్కింటామె లేని వేళ చూసి ఆ చెట్టుని బుల్లమ్మ తన ఇంట్లో కట్టుకుందని, కొడుకు బిడ్డ కోసం ఎవరి బిడ్డకో చేటు చేస్తోందని, విజయనగరంలో జ్వరంతో ఉన్న ఆ పిల్లకి అందుకే తగ్గడం లేదని కాలనీ అంతా పాకింది. ఎవరూ మొహం మీద అనలేదు. అంటే జవాబు చెప్పడానికి ఉండేది.

ఇంటికొచ్చి ఆమె వసారాలో కూలబడింది. అప్పుడు వేలాడుతున్న ఆ మొదలుని తీసి పారేస్తే అయిపోయేది. గంగరాజు కూడా అదే అన్నాడు. ఆమె తియ్యలేదు. తీస్తే తప్పు చేసినట్టే గదా అంది. పైగా రోజూ కోసిన చోట వేలితో తాకి, ఆరిందా లేదా చూసుకుంటూనే ఉంది.

రేఖకి జ్వరం తగ్గింది. రాజకుమారి కూతుర్ని కూడా తీసుకుని వచ్చింది. వచ్చిన రోజే ఎవరో ఆమె చెవిన ఈ సంగతి వేశారు, జాగ్రత్తగా ఉండమని కూడా చెప్పారు. ఆమె బిందె తీసుకుని నేరుగా కుళాయికి వెళ్ళింది. ఆ చెట్టు తనదని, తను చెప్తేనే బుల్లమ్మ కోసి కట్టిందని, కావాలంటే తన కూతుర్ని వచ్చి చూసుకోండని అంది. ఈశ్వరి వైపు తిరిగి, ఇక మీదట అనుమానమొస్తే మా గుమ్మంలోకొచ్చి అడగమని కూడా అంది. అందరూ అవునవునన్నారు. సగం మంది నమ్మారు. మిగతావాళ్ళు, ఇద్దరూ ఒకటయ్యారని తేల్చుకున్నారు. చేపలు మాత్రం మళ్ళీ కొనుక్కున్నారు, ఎందుకంటే అంత చూసి తెచ్చేవాళ్ళు ఇంకొకరు లేరు.

కుళాయి దగ్గర నుంచి వచ్చి రాజకుమారి బుల్లమ్మ వసారాలోకి మొదటిసారి వచ్చింది. కొక్కేనికి ఉన్నదాన్ని దింపి, చేతిలో తిప్పి, నొక్కి చూసింది. తను ఇంతలా కోసే ధైర్యం చేసేదాన్ని కాదంది. బుల్లమ్మ కాఫీ ఇచ్చింది. రాజకుమారి ఆ గ్లాసు పట్టుకుని ఒక్క క్షణం ఆగడం బుల్లమ్మ చూసింది. ఆగడంలో తప్పులేదనిపించింది ఆమెకి. రాజకుమారి తాగే వరకు చూసి, తన గ్లాసు ఎత్తింది.

తులసికి ఆడపిల్ల పుట్టింది. చిన్నగా ఉంది గాని గట్టిగా ఏడ్చింది. యుగంధర్ వీరావల్ నుంచి ఫోన్లో ఆ ఏడుపు విన్నాడు. బిడ్డని తీసుకుని తులసి వచ్చాక గోడ దగ్గర కబుర్లు ఎవరికీ దాచకుండానే సాగాయి. బుల్లమ్మ వద్దనలేదు. వెళ్ళేటప్పుడు బిడ్డకి కాటుక చుక్క పెద్దది పెట్టమని మాత్రం అంటుంది.

చెట్టుని కొత్త మట్టిలో నాటారు. దసరా వరకు ఏమీ లేదు. తర్వాత కోసిన చోటుకి పైన మూడు చిగుళ్ళు వచ్చాయి. ఆ ఏడు పువ్వు లేదు. మరుసటి చైత్రంలో పూసింది, కొద్దిగానే. బుల్లమ్మ గంప దించి గోడ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది. కిందటిసారి అంచు ముదురెరుపు. ఇప్పుడు గులాబీ.

"ఇది ఆ సెట్టు కాదు" అంది. "నువ్వు మార్చేసినావు."

"అదే సెట్టప్పా. ఎండని బట్టి రంగు మారతాది."

బుల్లమ్మ నమ్మలేదు. వంగి మట్టి తడి చూసింది, ఆకు కింద తిప్పి చూసింది. చూసి, లోపలికి వెళ్ళి, చేపలు కడిగిన నీళ్ళు చెంబులో తెచ్చి, ఎంత పొయ్యమంటావు అని అడిగింది. సగం చాలంది రాజకుమారి. సగమే ఎందుకని బుల్లమ్మ మళ్ళీ అడిగింది.